సంక్రాంతి సెలవులకు శ్రీలంక: నలుగురివి నాలుగు స్థాయిలు, సర్ఫింగ్‌కు ఏ తీరం మేలు?

అలిపిరి మెట్లు (తిరుపతి)

అందరికీ నమస్కారం. వచ్చే సంక్రాంతి సెలవులకు మా ఇంటి నుంచి నలుగురం తొమ్మిది రోజుల పాటు శ్రీలంక వెళ్లదలచుకున్నాము. ఇది గుళ్లూ గోపురాలూ చూసే యాత్ర కాదు, సర్ఫింగ్ కోసమే పెట్టుకున్న ప్రయాణం. మా నలుగురి స్థాయిలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉండటంతో ఎక్కడ దిగాలో తేలడం లేదు.

నాకు 41 ఏళ్లు. చెన్నై దగ్గరి కోవళంలో రెండు విడతలుగా ఆరు పాఠాలు నేర్చుకున్నాను. విరిగి నురుగుగా వచ్చే అల మీద పదిసార్లలో ఆరేడుసార్లు లేచి నిలబడగలను గానీ, విరగని పచ్చి అలను ఇంతవరకు ఒక్కదాన్నీ పట్టలేదు. మా బావమరిది ఆస్ట్రేలియాలో ఉద్యోగం చేస్తూ నాలుగేళ్లుగా ప్రతి వారం సముద్రంలోకి దిగుతున్నాడు. పొట్టి బోర్డు వాడతాడు. మా అక్క కూతురికి పద్నాలుగేళ్లు. ఈత కొలనులో ఆపకుండా అరగంట ఈదుతుంది కానీ సముద్రం ఎరుగదు. నా భార్యది చిన్నప్పుడు నడుముకు సొరకాయ బుర్ర కట్టుకొని వాళ్ల ఊరి బావిలో నేర్చుకున్న ఈత. ఆమెకు ఉత్సాహం ఉంది, భయమూ ఉంది. స్వర్ణముఖిలో నీళ్ల కన్నా ఇసుకనే ఎక్కువగా చూసి పెరిగినవాళ్లం కదా, ఆ భయాన్ని నేను తప్పుపట్టను.

మా బావమరిది ఆరుగం బే అంటున్నాడు. ప్రపంచమంతా మెచ్చిన అల అక్కడ ఉందట. ఒక మిత్రుడు వెలిగమ అంటున్నాడు. నేను చూసిన ఒక వీడియోలో మిరిస్సను తెగ పొగిడారు. నలుగురికీ పనికివచ్చే ఒకే చోటు ఉందా, లేక తొమ్మిది రోజుల్లో రెండు మూడు చోట్లకు మారడం మంచిదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కుప్పం కెరటం

అలిపిరి మెట్లు గారూ, మీ బావమరిది చెప్పిన చోటు గొప్పదే కానీ అది జనవరికి పనికివచ్చే చోటు కాదు. ఆరుగం బే శ్రీలంక తూర్పు తీరంలో, పొత్తువిల్ ఊరి పక్కన ఉంది. అక్కడ అలల కాలం దాదాపు ఏప్రిల్ చివర మొదలై అక్టోబరుతో ముగుస్తుంది. మన తిరుపతికి అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు తెచ్చే ఈశాన్య ఋతుపవనమే జనవరిలో కూడా ఆ తీరాన్ని తడుపుతూ ఉంటుంది. గాలి సముద్రం మీది నుంచి నేల వైపు కొట్టి అల ముఖాన్ని గజిబిజి చేస్తుంది. అదే గాలి దీవిని దాటి దక్షిణ, నైరుతి తీరాలకు చేరేసరికి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. అలకు ఎదురు వచ్చే ఆ గాలి అలను నున్నగా ఉంచి, కాస్త ఆలస్యంగా విరగనిస్తుంది. అందుకే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సర్ఫర్లు హిక్కడువ, అహంగమ, మిడిగమ, వెలిగమ, మిరిస్సల వైపు చేరి, మే తరువాత తూర్పుకు తరలిపోతారు. దీవి చిన్నదే అయినా ఈ రెండు తీరాల కాలాలు ఒకదానికొకటి పూర్తిగా తిరగబడి ఉంటాయి. టికెట్లు కొనేముందే అడిగారు కాబట్టి సరిపోయింది.

మీ ముగ్గురికి, అంటే మీకూ మీ భార్యకూ మేనకోడలికీ, వెలిగమ తప్ప మరో పేరు నేను చెప్పను. అది నెలవంకలా వంగిన విశాలమైన ఖాతం, అడుగున ఇసుక. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతుకు వచ్చేసరికి విరుగుతుందని ఒక మోటు లెక్క ఉంది. నడుమెత్తు అల విరిగే చోట నీళ్లు మీ ఛాతీ దాకా వస్తాయన్నమాట. పడినా కాళ్లకు ఇసుక తగులుతుంది, లేచి నిలబడి బోర్డు తిప్పుకొని మళ్లీ నడవవచ్చు. ఒక పూటలో ముప్పైసార్లు పడి ముప్పైసార్లు లేవగలిగే చోటే నేర్చుకునేవారికి మంచి చోటు. రీఫ్ మీద, అంటే నీటి అడుగున ఉండే రాతి దిబ్బ మీద, విరిగే అల ఇంతకన్నా అందంగా, ఒకే తీరుగా వస్తుంది. కానీ అక్కడ ఆ లోతులో కాళ్ల కింద ఉండేది పగడపు రాయి.

ఈ తేడాను తేలికగా తీసుకున్న పాపానికి నాకు జరిగిన మర్యాద చెబుతాను. మొదటిసారి వెళ్లినప్పుడు వెలిగమలో మూడు రోజులు బాగా నిలబడ్డానని ధైర్యం వచ్చి, నాలుగో రోజు పొద్దున్నే అహంగమ దగ్గరి కబలానకు ఆటోలో పోయాను. అక్కడ అల నట్టనడుమ శిఖరంలా లేచి ఎడమకూ కుడికీ రెండుగా విరుగుతుంది. ఒడ్డు నుంచి చూస్తే వెలిగమ కన్నా కాస్త పెద్దదిగా మాత్రమే కనిపించింది. లోపలికి వెళ్లి కూర్చున్నాక వరుసగా నాలుగు పెద్ద అలలు వచ్చాయి. మొదటిది నా మీదే విరిగింది. చేతిలోని బోర్డు ఎగిరిపోయి, బోర్డు నుంచి చీలమండకు కట్టిన లీష్ తాడు నన్ను తలకిందులుగా ఈడ్చుకుపోయింది. పైకి వచ్చి సగం ఊపిరి తీసేలోగా రెండోది. నీళ్లు లోతుగా ఉండబట్టి రాయి తగలలేదు కానీ, లీష్ పట్టీ కోసుకుపోయిన గీత చీలమండ చుట్టూ పది రోజులు ఉంది. ఒడ్డుకు రాగానే ఆ ఊరి కుర్రవాడొకడు నన్నేమీ తిట్టకుండా, ఇసుక మీద వేలితో గీత గీసి చూపించాడు: అందరూ లోపలికి వెళ్లే దారి పక్కగా ఉన్న లోతు కాలువ అట, నేను వెళ్లింది అల విరిగే చోటి మీదుగా.

మీ బావమరిదికి మాత్రం కబలాన చక్కగా సరిపోతుంది. మిడిగమలోని కోకనట్స్, రామ్స్ అనే అలలు కూడా అతని స్థాయివే. రామ్స్ లోతు తక్కువ రీఫ్ మీద వేగంగా, గొట్టంలా చుట్టుకుంటూ కుడికి పోయే అల; అక్కడికి మీరు ఫోటోలు తీయడానికి తప్ప వెళ్లకండి. ఇవన్నీ వెలిగమ నుంచి ఆటోలో అరగంట లోపు దూరంలోనే ఉన్నాయి, ఆటోల పైన బోర్డులు కట్టుకునే కమ్మీలు కూడా ఉంటాయి. కాబట్టి వెలిగమలోనో మిడిగమలోనో ఒకే బస పెట్టుకొని, పొద్దున బావమరిదిని ఒక దిక్కుకు పంపి మీరు మరో దిక్కుకు పొండి. తొమ్మిది రోజుల్లో మూడు బసలు మారితే రెండు ఉదయాలు సామాను సర్దడానికే పోతాయి. ఉదయాలే కదా అక్కడ బంగారం.

చంద్రగిరి కోట

కుప్పం కెరటం గారు చెప్పిన కాలం లెక్కతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఒకే బస అన్న మాటతో మాత్రం కొంత పేచీ ఉంది. వెలిగమ ఇసుక మంచిదే కానీ జనవరిలో అక్కడి రద్దీ మామూలుగా ఉండదు. సర్ఫింగ్ బడులన్నీ ఒకే ఒడ్డున బారులు తీరి ఉంటాయి, ఒక్కొక్క అల మీద నలుగురైదుగురు కొత్తవాళ్లు అటూ ఇటూ దొర్లుతుంటారు. అక్కడ దెబ్బలు అలల వల్ల కన్నా ఎదుటివారి బోర్డుల వల్లనే ఎక్కువగా తగలడం చూశాను. చివరి రెండు మూడు రోజులకు మాతర దాటి దిక్‌వెల్ల పక్కనున్న హిరికెటియకు మారడాన్ని ఆలోచించండి. గుర్రపు లాడం ఆకారంలో ఉండే చిన్న ఖాతం అది. ఒడ్డు దగ్గర కొత్తవాళ్లకు చిన్న అలలు, కాస్త లోపల అనుభవం ఉన్నవారికి ఎడమకు సాగే అల, రెండూ ఒకే చూపులో ఉంటాయి. నలుగురూ ఒకరినొకరు చూసుకుంటూ ఆడుకోవచ్చు. అక్కడా జనం తక్కువేమీ కాదని ఒప్పుకుంటాను.

ఇక స్థాయి గురించి. "మధ్యస్థం" అనే మాటను సర్ఫింగ్‌లో ఎవరికి వారు తమకు ఇచ్చుకునే బిరుదుగా చూడటం నాకు అలవాటైంది. నా దృష్టిలో అడగవలసిన ప్రశ్నలు మూడే. విరగని అలను ఎవరూ తోయకుండా సొంతంగా పట్టి, దాని ముఖం వెంట అడ్డంగా పోగలరా? వరుసగా పెద్ద అలలు మీద పడినప్పుడు బోర్డును వదిలేయకుండా దాటుకొని లోపలికి వెళ్లగలరా? లీష్ తెగితే బోర్డు లేకుండా ఒడ్డుకు ఈదుకు రాగలరా? మూడింటికీ అవునంటేనే రీఫ్ వైపు చూడాలి. అలిపిరి మెట్లు గారు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. అందులో చిన్నతనం ఏమీ లేదు. మూడు నాలుగు రోజుల్లో పచ్చి అలలు పట్టడం వస్తే, మిడిగమలో లేజీ లెఫ్ట్ అనే అల ఉంది, పేరుకు తగ్గట్టే తాపీగా, చాలా దూరం ఎడమకు సాగుతుంది. దాని కిందా రీఫే ఉంది, అయినా తీరు నెమ్మది. శిక్షకుడిని వెంటబెట్టుకొని, సముద్రం చిన్నగా ఉన్న రోజున అక్కడికి వెళ్లవచ్చు.

ఎడమ, కుడి అన్న మాటలతో తికమక పడకండి. ఒడ్డు వైపు ముఖం పెట్టి అల మీద నిలబడినవాడి ఎడమనే ఎడమ అంటారు. ఒడ్డున కెమెరా పట్టుకున్న మీకు అతను కుడికి పోతున్నట్టు కనబడతాడు.

మిరిస్స సంగతి: ఊరు అందమైనది, వీడియోలకు బాగుంటుంది. అక్కడి అల లోతు తక్కువ రీఫ్ మీద విరుగుతుంది, అడుగున సముద్రపు ముళ్లజీవులు ఉంటాయి. మీ బావమరిది ఒక పూట సరదాగా చూసి రావచ్చు, మీ ముగ్గురికి అది వద్దు.

పులిచెర్ల డాక్టరమ్మ

నేను సర్ఫింగ్‌లో గొప్పదాన్ని కాను, నాలుగుసార్లు వెలిగమకు మాత్రం వెళ్లాను. మీ భార్యగారి భయం గురించి ఎవరూ రాయలేదని ఇటు వచ్చాను.

బావిలో నేర్చిన ఈతను తక్కువ చేయను, నాదీ అదే. కాకపోతే బావి నీరు మనిషిని ఎటూ తీసుకుపోదు. సముద్రం పక్కకు జరుపుతుంది, లోపలికి లాగుతుంది. అలలు తెల్లగా విరుగుతున్న రెండు చోట్ల నడుమ అలే విరగకుండా, నీళ్లు కాస్త నల్లగా, నిమ్మళంగా కనిపించే జాడ ఒకటి ఉంటుంది. ఈత రానివారు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు ఇదే మంచి చోటని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా సముద్రంలోకి తిరిగి పోయే దారి అదే. దాన్నే రిప్ అంటారు. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీది అలసిపోకూడదు. ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరితే ఆ అలలే వెనక్కు తోస్తాయి. ఈదే శక్తి లేకపోతే బోర్డును వదలకుండా దాని మీద పడుకొని చెయ్యి పైకెత్తి పిలవాలి. కొత్తవారికి బోర్డే పడవ. మీ భార్యగారిని మొదటి రెండు రోజులు నడుము లోతు దాటనివ్వకండి, ఆమె ఒక్కరికే ఒక శిక్షకుడిని మాట్లాడండి. పదిమంది గుంపు పాఠంలో భయపడేవారి ముఖం ఎవరికీ కనబడదు.

రెండో విషయం, పడటం. ఎక్కడ పడినా తల ముందుగా దూకకూడదు. వెల్లకిలా, వీలైనంత పైపైన పడాలి, పైకి వచ్చేటప్పుడు రెండు చేతులతో తల కప్పుకోవాలి. ఎందుకంటే మీ బోర్డు ఎక్కడ దిగుతుందో మీకు తెలియదు. బోర్డును ఎప్పుడూ మీకూ వచ్చే అలకూ మధ్య అడ్డంగా పట్టుకోకండి. ముక్కూ పళ్లూ పోగొట్టుకునే దారి అది. సముద్రపు ముల్లు కాలిలో దిగితే కంగారుగా పీకవద్దు, లోపలే విరుగుతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంటకు పైగా కాలు పెడితే నొప్పి తగ్గుతుంది, పైకి కనిపించే ముక్కలను పట్టకారుతో తీయవచ్చు, కీలు దగ్గర దిగితే ఆసుపత్రికి వెళ్లాలి. పగడం గీరుకుపోతే చిన్న గాయమని వదిలేయకుండా మంచినీళ్లతో బాగా రుద్ది కడగాలి. ఆ వేడికీ తేమకూ అవి తొందరగా చీము పడతాయి.

అక్కడ జనవరిలో సముద్రపు నీరు 27, 28 డిగ్రీల దాకా ఉంటుంది, చలి దుస్తులు అక్కరలేదు. నిండు చేతుల రాష్ గార్డ్ (ఒంటికి పట్టి ఉండే ఈత చొక్కా) మాత్రం నలుగురికీ కొనండి; ఎండకే కాదు, బోర్డు రాపిడికి పొట్ట చర్మం లేచిపోతుంది.

అలిపిరి మెట్లు (తిరుపతి)

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను మా బావమరిదికి చదివి వినిపించాను. ఆరుగం బే కాలం గురించి మొదట వాదించి, తరువాత తానే గాలుల పటం తెరిచి చూసుకొని ఒప్పుకున్నాడు. వెలిగమలో ఆరు రోజులు, హిరికెటియలో మూడు రోజులు అని అనుకుంటున్నాము.

రెండు సందేహాలు మిగిలాయి. ముందస్తు సూచనలు చెప్పే యాప్‌లలో అల ఎత్తు ఒక మీటరని చూపిన రోజున కోవళంలో నేను హాయిగా ఆడాను. శ్రీలంకలోనూ ఒక మీటరంటే అంతేనా? బావమరిది తన రెండు పొట్టి బోర్డులను వెంట తెచ్చుకుంటానంటున్నాడు, మేము కూడా బోర్డు కొనుక్కొని పోవాలా?

కుప్పం కెరటం

మొదటి ప్రశ్న చాలా మంచిది. ఎత్తు పక్కన సెకన్లలో మరో అంకె ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు. ఒక అల శిఖరానికీ తరువాతి అల శిఖరానికీ మధ్య గడిచే సమయం అది. దగ్గరి గాలులు లేపిన అలలకు ఆ అంకె 6, 8 ఉంటే, భూమధ్యరేఖకు చాలా దక్షిణాన, అంటార్కిటికా వైపు సముద్రంలో పుట్టి వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన అలలకు 12, 14, ఒక్కొక్కసారి 16 ఉంటుంది. లోతు సముద్రంలో 8 సెకన్ల అల పొడవు సుమారు 100 మీటర్లు. 14 సెకన్లదైతే దాదాపు 300 మీటర్లు. అల తన పొడవులో సగం లోతుకు వచ్చినప్పటి నుంచి అడుగును తడుముతుంది కాబట్టి, ఆ పొడవైన అల 150 మీటర్ల లోతు నుంచే నేలను తాకి, మెల్లమెల్లగా వేగం తగ్గి, ఒడ్డు చేరేసరికి నిట్టనిలువుగా లేస్తుంది. యాప్‌లో రెండూ ఒక మీటరే. ఒకటి మీ మోకాళ్లను తోస్తుంది, ఇంకొకటి మిమ్మల్ని ఎత్తి పడేస్తుంది. మీ ముగ్గురూ నీళ్లలోకి దిగే రోజున ఎత్తు మీటరు లోపు, సెకన్లు 10కి అటూ ఇటూ ఉంటే నిశ్చింతగా ఉండండి. 14 అని కనబడిన రోజు బావమరిదిది. జనవరి మనకు కలిసివచ్చే నెల: దక్షిణార్ధగోళంలో అది వేసవి కాబట్టి అక్కడి తుఫానుల ఉధృతి తక్కువ, అందువల్ల మే, జూన్ నెలలతో పోలిస్తే అలలు చిన్నవి.

ఆటుపోట్ల గురించి బెంగ వద్దు. శ్రీలంకలో నీటిమట్టం తేడా మీటరు కూడా ఉండదు. ఇండోనేషియాలోని బాలిలో అయితే అది రెండు మీటర్లు దాటుతుంది, ఉదయం ఆడిన రీఫ్ మధ్యాహ్నానికి తేలి కనిపిస్తుంది. అయితే ఆ కొద్దిపాటి తేడాకే రామ్స్ లాంటి చోట రాయి పైకి వచ్చినట్టవుతుందని బావమరిదికి చెప్పండి.

బోర్డులు కొనకండి. వెలిగమ ఒడ్డునే అద్దెకు దొరుకుతాయి, స్థాయి మారిన రోజున బోర్డు కూడా మార్చుకోవచ్చు. మీకు 9 అడుగుల మెత్తని ఫోమ్ బోర్డు, మేనకోడలికి 8 అడుగులది సరిపోతాయి. పొట్టి బోర్డు మీద ఉన్నవాళ్లను చూసి మోజుపడి రెండో రోజే మార్చమంటే, అలలు పట్టడం మానేసి తేలుతూ కూర్చోవలసి వస్తుంది. ఆ తప్పును నేను దగ్గర దగ్గర ఏడాది చేశాను. బావమరిది తన బోర్డులు తెచ్చుకోవడం సబబే, కానీ విమాన సంస్థ పొడవు నియమాలూ రుసుమూ ముందే కనుక్కోమనండి.

చంద్రగిరి కోట

ఒక్క మాట చేర్చి ఊరుకుంటాను. అలలో ముందుగా హక్కు ఎవరిదో మేనకోడలికి మొదటి రోజే నేర్పించండి: అల విరగడం మొదలైన శిఖరానికి ఎవరు దగ్గరగా ఉంటే అల వారిది, మిగిలినవారు ఆగాలి. పిల్లలు త్వరగా నేర్చుకుంటారు, పెద్దలే మరచిపోతుంటారు. బావమరిదికి ఈ సంగతి తెలిసే ఉంటుంది, అయినా మిడిగమలో ఊరివాళ్లు వరుసగా రెండు మూడు అలలు తీసుకున్నా మొదటి రోజు పట్టించుకోవద్దని చెప్పండి. ఒక పూట పక్కన కూర్చొని నవ్వితే రెండో పూట వాళ్లే పిలిచి అల ఇస్తారు.

ఆరుగం బే కోరికను మీరు వేసవి సెలవులకు దాచుకోవచ్చు. కొలంబో నుంచి రోడ్డు మీద ఆరు గంటలు దాటే ప్రయాణం కానీ, అక్కడికి చేరాక మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు ఒక సౌకర్యం ఉంది. పొత్తువిల్ చుట్టుపక్కల ఎక్కువమంది మాతృభాష తమిళం. వెలిగమలో సింహళం రాక నేను సైగలతో నెట్టుకొచ్చాను; పొత్తువిల్‌లో మాత్రం మా అత్తగారి ఊరి తమిళంతో ఆటో బేరం, బోర్డు అద్దె, అన్నం పొట్లం అన్నీ కుదుర్చుకున్నాను. అక్కడ మెయిన్ పాయింట్ అనే అల మీ బావమరిదికి, బేబీ పాయింట్ అనే అల మేనకోడలికి. రెండింటి మధ్య నడిచి వెళ్లవచ్చు. మే నెల మొదట్లో అల చిన్నగా, జనం పలచగా ఉంటారు. ఊరి వెలుపలి మడుగుల్లో మొసళ్లు ఉంటాయి కనుక, దూరపు అలలకు వెళ్లివచ్చే దారిలో ఉప్పు కడుక్కోవడానికని వాటిలో దిగకండి.

అలిపిరి మెట్లు (తిరుపతి)

మొసళ్ల సంగతి ఇంట్లో చెప్పలేదు. టికెట్లు ఈ పూటే తీసుకుంటున్నాము. వెళ్లేలోగా మేనకోడలినీ మా ఆవిడనూ రెండు ఆదివారాలు కోవళం తీసుకెళ్లి, ఆ నల్లటి నిమ్మళపు జాడ ఎలా ఉంటుందో ముందు ఒడ్డు మీద నిలబడే చూపిస్తాను.